వేచి ఉన్న రోగులు: సున్నా

వైద్యం జరగాలంటే ఒక రోగి, ఒక వైద్యుడు ఉంటే చాలని మనుషులు అమాయకంగా నమ్మిన కాలం ఒకటుండేది. ఆ చీకటి రోజులు గడిచిపోయాయి. ఇప్పుడు ఆ ఇద్దరి మధ్యా మూడో శాల్తీ ఒకటి ఉండాలి. అది నిద్ర లేస్తే తప్ప రోగికి రోగం ఉన్నట్టు రుజువు లేదు, వైద్యుడికి పని ఉన్నట్టు కబురు లేదు. దాని పేరు సర్వర్. మా కంటి ఆసుపత్రిలో అది మందుల కౌంటర్ వెనక గదిలో, బల్ల కింద, నేల తుడిచే కర్రల పక్కన నివాసం ఉంటుంది. దాన్ని రోజూ పొద్దున్నే నిద్ర లేపే బాధ్యత నాది.

నా హోదా సమాచార వ్యవస్థల సమన్వయాధికారి. (అంతకుముందు కళ్ళజోళ్ళ ఫ్రేములు తుడిచి అద్దాల బీరువాలో సర్దేవాణ్ణి. ఒకరోజు ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితాన్ని మేనేజర్ గారు చూస్తుండగా చిరగకుండా బయటికి లాగాను. నా సాంకేతిక విద్యాభ్యాసం అక్కడ మొదలై అక్కడే ముగిసింది.) హోదా వచ్చిన వారంలోనే గది తలుపు మీద "సర్వర్ గది. అధికారులకు మాత్రమే ప్రవేశం" అని బోర్డు పెట్టించాను. ఆ గదిలోకి అందరికంటే ఎక్కువసార్లు వచ్చి వెళ్ళే అధికారి నేల తుడిచే ఆవిడ.

మా సర్వర్ ఊరి మీద తిరిగేది కాదు. ఆసుపత్రి గోడల మధ్యే దాని సంసారం. కౌంటర్లో పేరు చెబితే టోకెన్ ఇస్తుంది. ఆ టోకెన్ నంబరు హాల్లో తెర మీదా, డాక్టరమ్మ బల్ల మీది కంప్యూటర్‌లోనూ ఒకేసారి కనిపిస్తుంది. ఆవిడ నొక్కితే గంట మోగుతుంది, రోగి లోపలికి వెళ్తాడు. దీనికంతటికీ ఒక నియమావళి ఉంది. మేనేజర్ గారూ నేనూ కలిసి రాశాం. అందులో నాలుగో నియమం నా సొంత రచన: "టోకెన్ లేని వ్యక్తి రోగి కాడు, సందర్శకుడు." ఐదోది మేనేజర్ గారిది: "సందర్శకులకు సాయంత్రం వేళ మాత్రమే అనుమతి." విడివిడిగా చదివితే రెండూ ఎంతో ముచ్చటగా ఉంటాయి.

ఆ రోజు ఆసుపత్రి తలుపులు తెరవకముందే కరెంటు ఒకసారి పోయి వచ్చింది. నేను గదిలోకి వెళ్ళి యథావిధిగా మీట నొక్కాను. కంప్యూటర్ వెలిగింది. ఫ్యాను తిరిగింది. దాని లోపల నడవాల్సిన సర్వర్ మాత్రం లేవలేదు. "సర్వర్ ప్రారంభం కాలేదు. వివరాలకు లాగ్ చూడండి" అని తెర మీద రాసింది. లాగ్ అంటే యంత్రం తన కష్టసుఖాలు తనే రాసుకునే ఫైలు. తెరిచి చూశాను. "ప్రారంభించే ప్రయత్నం విఫలమైంది. కారణం: ప్రారంభం కాలేకపోవడం" అని మొదటి వాక్యం. ఇంత నిజాయితీగల సంజాయిషీని నేను ఏ కార్యాలయంలోనూ చదవలేదు. ఆ వాక్యం కింద ఇంకా చాలా రాసి ఉంది. కానీ సారాంశం అర్థమయ్యాక వివరాల్లోకి వెళ్ళడం నా హోదాకు తగదనిపించి ఫైలు మూసేశాను.

నాకు తెలిసిన వైద్యం ఒకటే. ఆపి, మళ్ళీ పెట్టడం. ఆపాను, పెట్టాను. ఈసారి కాస్త ఎక్కువసేపు ఆపి, గట్టిగా నొక్కి పెట్టాను. ఆ తర్వాత నెట్‌వర్క్ తీగ పీకి, ఊది, మళ్ళీ గుచ్చాను. సర్వర్ నా శ్రద్ధను గుర్తించిన దాఖలాలు కనిపించలేదు.

ఇంతలో హాల్లోంచి నా ముద్దుపేరు వినిపించింది.

"ఒరే బుజ్జీ! ఎక్కడున్నావురా?"

మా పిన్ని. అమ్మకు సొంత చెల్లెలు. ముందురోజే మా ఆసుపత్రిలో శుక్లం ఆపరేషన్ అయింది. కుడికంటి మీద దూది, దాని మీద ప్లాస్టరు. ఆ పొద్దున కట్టు విప్పి చుక్కలు వేయాలి. వ్యవస్థల సమన్వయాధికారిని నిండు హాల్లో బుజ్జీ అని పిలవకూడదని ఆవిడకు ఇదివరకే రెండుసార్లు మనవి చేసుకున్నాను.

బయటికి వెళ్ళేసరికి బెంచీలన్నీ నిండి ఉన్నాయి. పిన్ని ముందువరసలో కూర్చుంది. పక్కన ఒక వెల్డింగ్ మేస్త్రి, ఎడమకంటికి జేబురుమాలు అదిమి పట్టుకుని ఉన్నాడు. కంటి నీళ్ళు మోచేతి దాకా కారుతున్నాయి.

"టోకెన్లు ఇంకా ఇవ్వట్లేదేంట్రా?" అంది పిన్ని.

"సిస్టమ్ రాలేదు పిన్నీ. వచ్చేస్తుంది."

"ఎక్కడికెళ్ళింది?"

నేను సర్వర్ గది వైపు వేలు చూపించేలోపే పిన్ని మేస్త్రి వైపు తిరిగింది.

"మావాడేనండీ. ఇక్కడ కంప్యూటర్లన్నీ వీడి చేతిలోనే ఉంటాయి. వీడు లేకపోతే ఆసుపత్రే నడవదు."

(నేను ఉన్నాను, ఆసుపత్రి నడవడం లేదు. ఆ రెండు సంగతుల్నీ కలిపి ఆలోచించే తీరిక ఎవరికీ దొరక్కపోవడం నా అదృష్టం.) హాలంతా నా వైపు తిరిగింది. అన్ని ఒంటికళ్ళు ఒక్కసారి నన్ను చూడటం అదే మొదలు.

"సార్," అన్నాడు మేస్త్రి, లేచి నిలబడి. "కంట్లో ఇనుప రజను పడింది. రెప్ప వేస్తే గీరుకుంటోంది. డాక్టరమ్మ ఒక్క నిమిషం చూస్తే తీసేస్తారు సార్."

డాక్టరమ్మ గది తలుపు ఆయన వెనకే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. దానికి తాళం లేదు, గడియ లేదు. అయినా దాన్ని తట్టాలని ఆయనకు గానీ, పిన్నికి గానీ, నాకు గానీ తోచలేదు. తలుపు తట్టడం గురించి నియమావళిలో ఎక్కడా లేదు.

"కూర్చోండి, కంగారు పడకండి. చూస్తున్నాను," అన్నాను. ఏం చూస్తున్నానో చెప్పలేదు.

గదిలోకి పోయి, మాకు ఈ వ్యవస్థను అమ్మిన కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. కాసేపు సంగీతం విన్నాక ఒక కుర్రాడు పలికాడు.

"చెప్పండి సార్, మీ సర్వర్ ఆన్‌లో ఉందా?"

"లేదనే కదయ్యా ఫోన్ చేసింది."

"ఆన్‌లో లేకపోతే ఇక్కణ్ణుంచి చూడలేం సార్. ఆన్ చేసి మళ్ళీ ఫోన్ చేయండి."

"ఆన్ అవడం లేదన్నదే నా ఫిర్యాదు."

"ఫిర్యాదు నమోదు చేశారా సార్? మీ సర్వర్‌లో ఫిర్యాదుల పేజీ ఉంటుంది, అందులో..." అంటూ ఆగాడు. కీబోర్డు చప్పుడు వినిపించింది. "సార్, మా స్క్రీన్‌లో మీది పచ్చలైటు చూపిస్తోంది. సర్వర్ నడుస్తోంది."

"నడవడం లేదు బాబూ. నేను దాని ఎదురుగానే కూర్చున్నాను."

"పోయిన వారం మీరే కాపలా ప్రోగ్రామ్ పెట్టుకున్నారు కద సార్. అంతా సవ్యం అని అదే కబురు పంపుతోంది. పచ్చలైటు ఉంటే నడుస్తున్నట్టే సార్."

ఆ ప్రోగ్రామ్ నేను పెట్టిందే. సర్వర్ నడుస్తోందో లేదో అనుక్షణం కనిపెట్టి ఉండటం దాని పని. దానికోసం పోయిన వారం సమావేశంలో నాకు చప్పట్లు కూడా కొట్టారు. అందువల్ల దాని మాటను కొట్టిపారేయడం నాకు చేతకాలేదు. ఒకవైపు నా కళ్ళు, ఇంకోవైపు పచ్చలైటు. కాసేపు ఆలోచించి పచ్చలైటు వైపే మొగ్గాను. హాల్లోకి వెళ్ళి గొంతు సవరించుకున్నాను.

"అందరికీ మనవి. రికార్డు ప్రకారం సర్వర్ నడుస్తోంది."

"మరి టోకెన్లు?" అని వెనకబెంచీ నుంచి ఎవరో అడిగారు.

"టోకెన్లు రావడం లేదు. నడవడం మాత్రం నడుస్తోంది."

ఎవరూ తిట్టలేదు. కంటికి కట్టు ఉన్నవాళ్ళలో ఒకరకమైన ఓర్పు ఉంటుంది. అప్పుడే మేనేజర్ గారు మెట్లు దిగి వచ్చారు. ఆయన ఏ గుంపును చూసినా ముందు దాని అర్హత ఏమిటని చూస్తారు.

"ఏమయ్యా, వీళ్ళంతా ఎవరు?"

"రోగులండీ."

"టోకెన్లు ఉన్నాయా?"

"లేవండీ."

"మరి రోగులెలా అవుతారు?" అని, నాలుగో నియమాన్ని నాకే పొల్లుపోకుండా వినిపించారు. రచయితగా పొంగిపోయాను, ఉద్యోగిగా చెమటలు పట్టాయి. ఆయన హాలు వైపు తిరిగి, "చూడండీ, సందర్శకులకు సాయంత్రమే అనుమతి. దయచేసి అందరూ వెళ్ళి సాయంత్రం రండి," అన్నారు.

పిన్ని చేతిసంచి ఒళ్ళోంచి దించి పక్కన పెట్టింది. మా ఇంట్లో ఇది మంచి సూచన కాదు.

"నేను సందర్శకురాలినా బాబూ? ఒంటికంటితో ఎవర్ని చూసిపోదామని వచ్చాననుకున్నారు?"

"అమ్మా, రూలు..."

"నిన్న కత్తెర పెట్టినప్పుడు రోగిని. ఇవాళ కట్టు విప్పాల్సొచ్చేసరికి చుట్టాన్నయ్యానా? ఒరే బుజ్జీ, ఈ రూలు రాసినవాడెవడ్రా? ఒకసారి పిలువు, మాట్లాడతాను."

మేనేజర్ గారు నా వైపు చూశారు. నేను గోడ మీది అక్షరాల పట్టిక వైపు చూశాను. కింది వరస నాకు సరిగా కనిపించడం లేదని ఆ రోజే తెలిసింది. చివరికి మేనేజర్ గారు మానవతా దృక్పథంతో ఒక సడలింపు ప్రకటించారు. సందర్శకులు సాయంత్రం దాకా బెంచీల మీద కూర్చోవచ్చు. కానీ రోగుల్లా ప్రవర్తించకూడదు. మేస్త్రి రుమాలు దించి జేబులో పెట్టుకోబోయి, నొప్పికి ఓర్వలేక మళ్ళీ కంటికి అదుముకున్నాడు.

నేను గదిలోకి తిరిగొచ్చి, వేరే గతి లేక, లాగ్ ఫైలు చివరిదాకా చదివాను. ఆఖరి వరసలో అసలు సంగతి ఉంది: "ఈ పోర్టును ఇప్పటికే ఇంకొకరు వాడుతున్నారు." పోర్టంటే ఏమిటో నేను ఉద్యోగంలో చేరాక తెలుసుకున్న ఒకే ఒక్క విషయం. అది కంప్యూటర్‌కు ఉండే గుమ్మం. గుమ్మానికో నంబరు. ఒక గుమ్మంలో ఒక్కరే నిలబడాలి. మా సర్వర్ నిలబడాల్సిన గుమ్మంలో వేరెవరో ముందే వచ్చి నిలబడ్డారన్నమాట.

ఎవరా అని కనుక్కోవడం ఒక పద్ధతి. కానీ అది మర్యాదగా తోచలేదు. గొడవెందుకని సర్వర్‌కే గుమ్మం మార్చాను. సెట్టింగుల ఫైలు తెరిచి, పక్క నంబరు రాసి, మీట నొక్కాను. లేచింది! తెర మీద "సర్వర్ విజయవంతంగా ప్రారంభమైంది" అన్న అక్షరాలు చూసి నా కళ్ళు చెమర్చాయి. హాల్లోకి పరిగెత్తాను.

"వచ్చేసింది! సర్వర్ వచ్చేసింది!"

మేస్త్రి లేచాడు. పిన్ని సంచి భుజానికి తగిలించుకుంది. అందరం కౌంటర్ అమ్మాయి వైపు చూశాం. ఆ అమ్మాయి తెర వైపు చూసింది.

"నాకేం రాలేదు సార్."

రాదు. ఎందుకంటే కౌంటరూ, ప్రింటరూ, హాల్లో తెరా, డాక్టరమ్మ కంప్యూటరూ అన్నీ పాత గుమ్మం దగ్గరే నిలబడి తలుపు కొడుతున్నాయి. సర్వర్ పక్క గుమ్మంలో దివ్యంగా నడుస్తోంది. అక్కడికి వచ్చేవాళ్ళే లేరు. ఈ ప్రపంచంలో ఎవరికీ పనికిరాకుండా అంత చక్కగా నడిచిన వ్యవస్థను నేనొక్కణ్ణే తయారుచేశానని అనను. అయినా ఆ నిమిషంలో అలాగే అనిపించింది.

సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ గది తలుపు తెరుచుకుంది. ఆవిడ చేతిలో ఖాళీ టీకప్పు ఉంది. మధ్యలో వేలు పెట్టి మూసిన పుస్తకం ఒకటి ఉంది. హాలును చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇంతమంది ఎవరు?"

"సందర్శకులు డాక్టర్," అన్నారు మేనేజర్ గారు.

"నా స్క్రీన్‌లో వేచి ఉన్న రోగులు సున్నా అని ఉంది. ఇవాళ ఎవరూ రాలేదేమో అనుకుని కూర్చున్నాను." ఆవిడ చూపు మేస్త్రి మీద ఆగింది. "మీకేమైంది?"

"ఇనుప రజను అమ్మా. పొద్దున్నే పడింది."

"పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నారా? లోపలికి రండి."

"డాక్టర్, ఆయనకి టోకెన్ లేదు," అన్నారు మేనేజర్ గారు, చెయ్యి కొంచెం అడ్డం పెట్టి.

"కన్నుంది కదా?" అని ఆవిడ టీకప్పు ఆయన చేతిలోనే పెట్టి, మేస్త్రిని లోపలికి తీసుకెళ్ళింది.

తలుపు తెరిచే ఉంచింది. దీపం వెలగడం కనిపించింది, "పైకి చూడండి, కదలకండి" అనడం హాల్లోకి వినిపించింది. కాసేపటికి మేస్త్రి కంటికి శుభ్రమైన కట్టుతో బయటికి వచ్చాడు. ఆయన నడక మారిపోయింది. తర్వాత డాక్టరమ్మ తల బయటికి పెట్టి, "ఎవరి వంతు?" అని అడిగింది. వంతు ఎవరిదో హాల్లో అందరికీ తెలుసు. ఎవరు ఎవరి తర్వాత వచ్చారో ఒకరి గురించి ఒకరు చెప్పుకున్నారు. ఒకావిడ బాగా ముసలాయన్ని తనకంటే ముందు పంపింది. (ఇలా ముందుకు పంపే వెసులుబాటు మా సాఫ్ట్‌వేర్‌లో కావాలంటే విడిగా కొనుక్కోవాలి.)

అక్కడ నా అవసరం లేదని నాకు అర్థమైంది. అది ఎవరూ నోరు విప్పి చెప్పలేదు, అందరూ నన్ను దాటుకుంటూ వెళ్ళారంతే. నేను గదిలోకి పోయి, సర్వర్‌ను మళ్ళీ ఆపి, పాత గుమ్మంలో నిలబడ్డది ఎవరో చూపించే ఆదేశం టైపు చేశాను. పేరు వచ్చింది.

కాపలా ప్రోగ్రామ్.

సర్వర్ నడుస్తోందో లేదో కనిపెట్టడానికి నేను పెట్టిన కాపలాదారే, పొద్దున కరెంటు పోయి వచ్చినప్పుడు సర్వర్ కంటే ముందు నిద్ర లేచి, సర్వర్ గుమ్మంలో నిలబడి, సర్వర్‌ను లోపలికి రానివ్వకుండా, అడిగినవాళ్ళకల్లా "అంతా సవ్యం" అని చెబుతూ వచ్చింది. దాని తీరు చూసి నాకు కోపం రాలేదు. బాగా తెలిసినవాళ్ళెవరో అనిపించింది. దాన్ని ఆపాను. సర్వర్ పాత గుమ్మంలోనే, ఏ కష్టం లేకుండా, అడగ్గానే లేచింది.

హాల్లోకి వచ్చేసరికి బెంచీలు ఖాళీ. తెర మీద పెద్ద అక్షరాలతో "స్వాగతం. మీ టోకెన్ కోసం కౌంటర్‌ను సంప్రదించండి" అని మెరుస్తోంది. నేల తుడిచే ఆవిడ తుడుస్తోంది. పిన్ని ఒక్కతే నా కోసం కూర్చుని ఉంది. కట్టు లేదు. కన్ను కాస్త ఎర్రగా ఉన్నా మిలమిలలాడుతోంది.

"అయిందా నీ పని?" అని అడిగింది.

"అయింది పిన్నీ. నడుస్తోంది."

"నాదీ అయిపోయింది. ఆవిడ పిలిచింది, వెళ్ళాను. చుక్కలు రాసిచ్చింది." ఆగి, నన్ను పైనుంచి కింది దాకా పరకాయించి చూసింది. "ఒరే, నీకు జుట్టు ఇంతలా ఎప్పుడూడిపోయిందిరా? మసకలో బాగానే కనిపించేవాడివి."

మధ్యాహ్నం మేనేజర్ గారు నన్ను పిలిపించారు. ఛైర్మన్ గారికి నివేదిక పంపాలి. పొద్దుటివాళ్ళ పేర్లు ఇప్పుడు ఎక్కిద్దామా అని ఇద్దరం తర్జనభర్జన పడ్డాం. సర్వర్ ఒప్పుకోలేదు. దానికి గడిచిపోయిన సమయానికి టోకెన్ ఇచ్చే అలవాటు లేదు. కాబట్టి ఉన్నది ఉన్నట్టుగా రాశాను: "ఈ ఉదయం స్వల్ప సాంకేతిక అంతరాయం ఏర్పడినది. ఆ సమయమున ఆసుపత్రిలో రోగులు ఎవరూ లేనందున ఎవరికీ అసౌకర్యం కలుగలేదు." రికార్డుతో పోల్చి చూసుకున్నాను. అక్షరం కూడా తేడా లేదు. ఛైర్మన్ గారు సంతోషించి, కాపలా ప్రోగ్రామ్ సరిగా కాపలా కాస్తోందో లేదో చూడటానికి ఇంకో కాపలా ప్రోగ్రామ్ కొనడానికి డబ్బు మంజూరు చేశారు.

మర్నాడు పొద్దున సర్వర్ మొదటి నొక్కుకే లేచింది. కౌంటర్ అమ్మాయి సెలవు పెట్టడంతో నేనే కూర్చున్నాను. మొదట వచ్చినవాడు వెల్డింగ్ మేస్త్రి.

"డాక్టరమ్మ ఇవాళ ఒకసారి చూపించుకోమన్నారు సార్. నిన్న రజను తీశారు కదా."

పేరు కొట్టి చూశాను. "మీరు నిన్న రాలేదు," అన్నాను.

"వచ్చాను సార్. మీ పిన్నిగారి పక్కనే కూర్చున్నాను. మీరే కూర్చోమన్నారు."

"సిస్టమ్‌లో లేదండీ. అందువల్ల మీకు ఇక్కడ ఏ చికిత్సా జరగలేదు. తిరిగి చూపించుకునేవాళ్ళ వరసలో పంపడం కుదరదు. కొత్త రోగిగా రాస్తాను. ఇబ్బందేమిటి?"

ఆయన చెయ్యెత్తి కట్టు మీద మెల్లిగా తాకి చూసుకున్నాడు.

"ఇబ్బందేం లేదు సార్. నొప్పి పోయింది."

"రికార్డు ప్రకారం మీ కంట్లో రజను ఇంకా ఉంది," అన్నాను.

"ఉందా సార్?" అన్నాడాయన, తప్పు చేసినవాడిలా. "నాకు తెలీలేదు."

మొదటిసారి కదా అని క్షమించి, టోకెన్ ఇచ్చాను.